అరుగు మీద వినిపించిన లెక్క

మన ఇళ్ళల్లో పిల్లల లెక్కల చదువుకి ఒక సరిహద్దు ఉంది. అది ఐదో తరగతికీ ఆరో తరగతికీ మధ్య ఉంటుంది. ఐదో తరగతి వరకూ లెక్కలు అమ్మ సొత్తు. కూడికలకి చింతపిక్కలు పేర్చేదీ ఆవిడే, జడ వేస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకునేదీ ఆవిడే. తీసివేతలో పక్కింటి అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం మరిచిపోతే నెత్తిమీద చిన్న మొట్టికాయ వేసేదీ ఆవిడే. ఆరో తరగతిలో అడుగు పెట్టగానే పుస్తకం లావెక్కుతుంది. నిష్పత్తులంటారు, పూర్ణసంఖ్యలంటారు, ఎక్కణ్ణుంచో 'ఎక్స్' అనే పెద్దమనిషి ఊడిపడతాడు. ఇంకేముంది, అమ్మ "మీ నాన్నగారిని అడుగు" అంటుంది. నాన్నగారు పేపరు వెనకనుంచి "మీ మాస్టార్ని అడగరా" అంటారు. మాస్టారేమో మూడు నెలలకోసారి ప్రోగ్రెస్ కార్డు మీద ఒక అంకె వేసి పంపిస్తారు. ఆ అంకె చూసి పాయసం వండడమో, వీపు విమానం మోత మోగించడమో జరుగుతుంది. అంతేగాని, ఆ మూడు నెలలూ తరగతిలో ఏ లెక్క నడిచిందో, పిల్ల ఎక్కడ తడబడిందో ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చదువులో నడిమి మెట్లు. పూర్వం వీటినే ఫస్టు ఫారం, సెకండు ఫారం, థర్డు ఫారం అనేవారు. ఈ మెట్ల మీద కాలు జారితే పై మెట్లు ఎక్కడం కష్టమని అందరూ చెప్తారు. సరిగ్గా ఆ మెట్ల దగ్గరే ఇల్లు చేయి వదిలేస్తుంది. ఇది అనాదిగా వస్తున్న ఆచారమేనా అని చరిత్ర పుస్తకాలు తిరగేస్తే, కాదనే తేలుతుంది. బడిలో లెక్క ఇంటికి తెలిసిన రోజులు ఉన్నాయి. తెలియకుండా పోవడం ఒక్కరోజులో జరగలేదు. ఆ కథ వింటే, ఈ వ్యవహారంలో తల్లుల తప్పు ఎంతో, కాలం తప్పు ఎంతో కూడా బోధపడుతుంది.

రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళదాం. సర్ థామస్ మన్రో పేరు మన రాయలసీమ వాళ్ళకి కొత్త కాదు. దత్తమండలాలకి కలెక్టరుగా చేసి, ఆ తరువాత మద్రాసు గవర్నరైనవాడు. ఆయన 1822లో జిల్లా కలెక్టర్లందరికీ ఒక తాఖీదు పంపించాడు. "మీ జిల్లాలో బళ్ళు ఎన్ని, పిల్లలు ఎంతమంది, ఏం చదువుతున్నారు?" అని. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో దానికి జవాబు రాశాడు. ఈయన తెలుగు భాషకి ఇంగ్లీషులో వ్యాకరణం రాసి 1816లో అచ్చు వేయించినవాడు కాబట్టి, బడి గుమ్మం దగ్గర నిలబడి లోపల ఏం జరుగుతోందో అర్థం చేసుకోగలిగాడు. అప్పటి బళ్ళారి జిల్లా అంటే అనంతపురం ప్రాంతం కూడా కలిసినదే. జిల్లా మొత్తం మీద 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. వాటిలో తెలుగు బళ్ళు 226.

ఆ బడి తెల్లవారి ఆరు గంటలకి మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి అరచేతిలో సున్న చుట్టేవారు. అంటే వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదన్నమాట. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోయేది. ఇంటికి వచ్చిన కొడుకు అరచెయ్యి తిప్పి చూస్తే చాలు, తల్లికి ఆ పూట హాజరుపట్టీ కనిపించేది!

లెక్కల సంగతి ఇంకా బాగుంటుంది. ఎక్కాలూ, కొలతలూ, తూనికలూ, భిన్నాలూ పిల్లలకి బాగా పట్టుబడాలని రోజుకి రెండుసార్లు వాళ్ళని వరసగా నిలబెట్టి, ఒక పెద్ద పిల్లవాడు చెబుతుంటే మిగతావాళ్ళందరూ గొంతెత్తి అనేవారని కాంప్‌బెల్ రాశాడు. మన వీథిబడి నాలుగు గోడల మధ్య దాక్కున్నది కాదు కదా. పెద్దల ఇంటి అరుగు మీదో, చావడిలోనో, చెట్టు కిందో ఉండేది. పిల్లలు "రెండు రెళ్ళు నాలుగు" అంటుంటే నూతి దగ్గర నీళ్ళు తోడే ఇల్లాలికి వినిపించేది. ఈ వారం ఎక్కం ఎన్నోదాకా వచ్చిందో, భిన్నాలు మొదలెట్టారో లేదో చెప్పడానికి ఎవరూ చీటీ రాసి పంపనక్కర్లేదు. తన కొడుకు గొంతు గుంపులో కలుస్తోందో, పన్నెండో ఎక్కం దగ్గర గొణుగుడులోకి దిగుతోందో కూడా తల్లి చెవి పట్టేసేది.

వినడం ఒకటే కాదు. కాంప్‌బెల్ జీతాల సంగతి కూడా చెప్పాడు. బళ్ళో చేరిన పిల్లవాడి తరఫున నెలకి పావలా ఇచ్చేవారు. వాడు కాగితం మీద రాసే దాకానో, పెద్ద లెక్కల దాకానో వస్తే నెలకి అర్ధరూపాయి. పంతులుగారు వచ్చి "అమ్మా, ఈ నెలనుంచి అర్ధరూపాయి" అన్నారంటే అబ్బాయి పై లెక్కల్లోకి వచ్చాడని అర్థం. ఖర్చు పెరిగినందుకు నిట్టూర్చినా, కబురు మాత్రం స్పష్టంగా అందేది.

ఆ రోజులే బంగారం అనడం నా ఉద్దేశం కాదు. అర్థం తెలియకుండా వల్లె వేయిస్తున్నారని కాంప్‌బెల్ అప్పుడే విసుక్కున్నాడు. ఆరువేల పైచిలుకు పిల్లల్లో ఆడపిల్లలు ఎంతమందో తెలుసా? 60 మంది! మిగతా ఆడపిల్లలకి బడి అంటే వీథిలోంచి వినిపించే చప్పుడే. అయినా ఒక్క సంగతి గమనించండి. బడిలో నేర్పే లెక్కా, ఇంట్లో వాడే లెక్కా అప్పుడు ఒక్కటే. ఆ రోజుల భిన్నాలు పదుల చొప్పున కాక నాలుగుల చొప్పున చీలుతూ పోతాయని కాంప్‌బెల్ ఆశ్చర్యపోయాడు. మనకి అందులో ఆశ్చర్యం ఏముంది? కాలు, అర, ముప్పావు, పరక, వీసం అని మన అమ్మమ్మలు అనుకున్నవే కదా. రూపాయికి పదహారు అణాలు. అణా అంటే రూపాయిలో వీసం, బేడ అంటే పరక, పావలా అంటే కాలు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బళ్ళో పలక మీద ఉన్నదే వంటింట్లో డబ్బాలో ఉండేది. అందుకని చదువుకోని తల్లి కూడా చదువుకుంటున్న కొడుకు లెక్కని దిద్దగలిగేది.

ఇక రెండో అంకం. 1854లో చార్లెస్ వుడ్ అనే దొర ఇంగ్లండునుంచి పంపిన విద్యా తాఖీదు వచ్చింది. దానితో బళ్ళకి సర్కారు గ్రాంట్లు మొదలయ్యాయి. గ్రాంటు వెనకాలే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మన మద్రాసు రాష్ట్రంలో కొన్నాళ్ళు మరీ విడ్డూరమైన పద్ధతి నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు, ఎంతమంది గట్టెక్కితే దాన్నిబట్టి బడికి డబ్బు. అంటే పంతులుగారు జవాబు చెప్పుకోవలసినది ఇక అరుగు ముందు నిలబడే తల్లిదండ్రులకి కాదు, గుర్రం మీదనో బండి మీదనో వచ్చే దొరగారికి. బడి ముఖం వీథివైపునుంచి ఆఫీసువైపు తిరిగింది. అరుగు పోయి గోడలు వచ్చాయి, గోడలకి గంట వచ్చింది, గంటతోపాటు పరీక్షలూ మార్కులూ వచ్చాయి. ఇంటికి అంకె ఒక్కటే రావడం అలా అలవాటైంది.

అయినా అప్పటికీ పెద్ద నష్టం జరగలేదు. ఎందుకంటే పుస్తకం మారలేదు, రూపాయి మారలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చయిన పెద్దబాలశిక్ష తాతగారు చదివిందే మనవడూ చదివాడు. అందులో ఎక్కాలూ, నాణేలూ, తూనికలూ ఇంట్లో అందరికీ తెలిసినవే. మార్కులు అంకెలుగా వచ్చినా, ఆ అంకె వెనకనున్న లెక్క ఏమిటో ఇంటికి తెలుసు.

అసలు తెగింది 1957లో. ఆ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీనుంచి రూపాయికి నూరు నయాపైసలన్నారు. తారీఖు చూసి వేళాకోళమేమో అనుకున్నవాళ్ళు కూడా ఉండే ఉంటారు. అంతవరకు రూపాయి అంటే పదహారు అణాలు, 64 పైసలు, 192 దమ్మిడీలు. నూరుని పదహారుతో భాగించి చూడండి. అణాకి ఆరుంబావు నయాపైసలు వస్తాయి. పావు నయాపైస ఏ టంకశాలలోనూ లేదు కదా! అందుకని అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25 అని పట్టికలు వేసి పంచారు. ఒక్కొక్క అణా చొప్పున నాలుగుసార్లు మారిస్తే 24, ఒక్కసారే పావలా మారిస్తే 25. ఆ ఒక్క నయాపైసా ఎక్కడికి పోయిందని కూరగాయల దుకాణం దగ్గర జరిగిన వాదాలు ఇన్నీ అన్నీ కావు. మరుసటి ఏడు, 1958 అక్టోబరునుంచి, దశలవారీగా కిలోలు వచ్చాయి. మన వీసె ఒక కిలో 400 గ్రాములంత ఉండేది. పదలం, ఏబులం అని అలవాటుగా అడిగే ఇల్లాలు దుకాణం ముందు నిలబడి మనసులో గుణకారాలు మొదలుపెట్టింది.

అప్పటికి మిడిల్ స్కూల్లో ఉన్న పిల్లలకి మాత్రం ఇది పండగ. దశాంశ భిన్నాల పాఠం ఒక్కసారిగా బతికి లేచి కూర్చుంది. చుక్క ఎక్కడ పెట్టాలో తెలిస్తే సగం లెక్క అయిపోయినట్టే. అంతవరకు తల్లి నేర్పితే పిల్లలు నేర్చుకునేవారు. ఆ ఏడు పిల్లవాడే తల్లికి నేర్పాడు. అందులో తప్పేమీ లేదు గాని, ఒక్కసారి ఆ తల్లి వైపునుంచి ఆలోచించండి. కాలూ, పరకా, వీసమూ నోటికి వచ్చిన మనిషి, నిద్రలో లేపి అడిగినా మూడున్నర వీసెల ఖరీదు చెప్పగలిగిన మనిషి, ఉన్నట్టుండి "నీకు లెక్కలు రావే అమ్మా" అనిపించుకుంది. ఆవిడకి లెక్కలు రాకపోవడం కాదు, లెక్క వేషం మారింది. ఆ సంగతి ఆవిడతో కూర్చుని చెప్పినవాళ్ళు తక్కువ. పట్టిక చేతికిచ్చారు గాని, వెనకనున్న కిటుకు చెప్పలేదు.

ఇంకొక సంగతి కూడా కలిసి వచ్చింది. అప్పట్లో ఆడపిల్లలకి లెక్కలెందుకు అనే మాట పెద్దపెద్ద సంఘాల్లో కూడా వినిపించేది. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన పనిచేసిన సెకండరీ విద్యా కమిషను ఆడపిల్లలకి గృహవిజ్ఞానం నేర్పే సౌకర్యాలు ప్రత్యేకంగా ఉండాలని సిఫారసు చేసింది. అది మంచి ఉద్దేశంతోనే అన్నారు. కాని జరిగిందేమిటంటే, చాలామంది అమ్మాయిలు పై తరగతుల్లో లెక్కలు వదిలి కుట్లూ వంటలూ తీసుకున్నారు. 1962లో హంసా మెహతాగారి అధ్యక్షతన ఒక సంఘం వేస్తే, ఆడపిల్లలకొక చదువు, మగపిల్లలకొక చదువు అనే తేడా వద్దని ఆవిడ సంఘం గట్టిగా చెప్పింది. 1964-66 నాటి కొఠారీ కమిషను పదో తరగతి దాకా అందరికీ లెక్కలు ఉండాలంది. 1968 జాతీయ విద్యావిధానం కూడా అదే మాట అంది.

చాలా మంచి మాట. కాని ఒక తరం తల్లుల్ని లెక్కలు మానిపించి, ఆ తల్లుల పిల్లలకి లెక్కలు తప్పనిసరి చేశాం. మధ్యలో వంతెన ఎవరూ కట్టలేదు. "మా అమ్మకి లెక్కలు రావు" అన్న మాట మన ఇళ్ళల్లో అంత మామూలు కావడానికి ఇదీ ఒక కారణం. తెలివి తక్కువై కాదు, పుస్తకం చేతిలోంచి తీసేసినందువల్ల.

మనకి మాత్రమే ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. సముద్రాల అవతల అమెరికాలో తల్లిదండ్రులకి ఇంతకంటే పెద్ద గండమే వచ్చింది. విచిత్రమేమంటే, అదీ 1957లోనే మొదలైంది. ఆ అక్టోబరు 4వ తేదీన రష్యావాళ్ళు స్పుత్నిక్‌ని ఆకాశంలోకి పంపారు. అమెరికావాళ్ళకి కంగారు పుట్టింది. మన పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారనుకున్నారు. మరుసటి ఏడే ఎడ్వర్డ్ బెగల్ అనే గణిత శాస్త్రజ్ఞుడి ఆధ్వర్యంలో ఒక పెద్ద బృందం కూర్చుని కొత్త పుస్తకాలు రాసింది. దానికే 'న్యూ మాథ్' అని పేరొచ్చింది. మొట్టమొదట వాళ్ళు చేపట్టిన పుస్తకాల్లో మన ఏడు, ఎనిమిది తరగతులకి సమానమైనవి ఉన్నాయి. సమితులు వచ్చాయి, పది కాకుండా ఎనిమిది ఆధారంగా లెక్కపెట్టడం వచ్చింది. అంటే పది వేళ్ళకి బదులు మనిషికి ఎనిమిది వేళ్ళే ఉంటే అంకెలు ఎలా రాసుకుంటామన్నది ఆ లెక్క. పిల్లలు హోంవర్కు తెచ్చి బల్ల మీద పెడితే ఇంజనీరు తండ్రులు కూడా కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

అక్కడి తల్లిదండ్రులు ఊరుకునే రకం కాదు. 1897 ఫిబ్రవరిలోనే వాషింగ్టన్‌లో ఆలిస్ బర్నీ, ఫీబీ హర్స్ట్ అనే ఇద్దరు స్త్రీలు తల్లుల మహాసభ పెట్టి, తరువాత అదే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసిన సంఘంగా ఎదిగేలా చేసిన దేశమది. చాలా బళ్ళు సాయంత్రాలు తల్లిదండ్రులకి తరగతులు పెట్టాయి. 1964లో ఎవెలిన్ షార్ప్ అనే ఆవిడ కొత్త లెక్కలు తల్లిదండ్రులకి అర్థమయ్యేలా ఒక పుస్తకమే రాశారు. 1965లో టామ్ లేరర్ అనే లెక్కల మాస్టారు, పాటలు కట్టే సరదా ఉన్నవాడు, ఈ కొత్త తీసివేతల మీద ఒక హాస్యపు పాట పాడితే దేశమంతా నవ్వుకుంది. కాని నవ్వుకున్నంత మాత్రాన బెంగ తీరలేదు. ఎన్ని సాయంత్రపు తరగతులు పెట్టినా అవి అందినవాళ్ళు కొందరే. ఇంట్లో కూర్చోబెట్టి లెక్క చేయించలేకపోయిన తల్లిదండ్రులకి ఆ లెక్క మీదే నమ్మకం పోయింది. 1973లో మోరిస్ క్లైన్ అనే ప్రొఫెసరు ఈ పద్ధతి ఎందుకు విఫలమైందో చెబుతూ పుస్తకం రాసేనాటికి పాత కూడికలూ తీసివేతలే మేలన్న గోల మొదలైంది. లోపాలు చాలా ఉండవచ్చు. అందులో ఒకటి మాత్రం మనలాంటివాళ్ళకి బాగా తెలిసేది. పిల్లలకి కొత్తది నేర్పే తొందరలో ఇంటికి చెప్పడం చివరి పనిగా మిగిలిపోయింది.

నాకు నవ్వు వచ్చే సంగతి ఇంకోటుంది. ఎనిమిది ఆధారంగా లెక్క అని అక్కడ అంత బెంబేలుపడ్డారు కదా. మన ముత్తవ్వలు జీవితమంతా నాలుగులతోనూ పదహారులతోనూ లెక్కపెట్టారు. గిద్దెలు సోలలు చేసి, మానికలు కుంచాలు చేసి, అణాలు రూపాయలు చేసి వడ్ల బస్తా ఖరీదు వేళ్ళ కణుపుల మీద కట్టారు. ఎవరైనా వచ్చి "అమ్మా, నువ్వు రోజూ చేసేదే ఇది" అని చెబితే, ఆ అమెరికా పుస్తకం మన అమ్మమ్మకి ఒక్క మధ్యాహ్నంలో అర్థమయ్యేది. చెప్పేవాళ్ళు ఉండాలి, అంతే.

ఈ మధ్య కాలానికి వద్దాం. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010లో అమలులోకి వచ్చింది. ఇది కూడా ఏప్రిల్ 1వ తేదీనే సుమండీ! ఆ చట్టంలో ఆరేళ్ళనుంచి పద్నాలుగేళ్ళ పిల్లల మాట ఉంది కాబట్టి ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. అందులో 24వ సెక్షను చాలామంది చదివి ఉండరు. టీచర్లు చేయవలసిన పనుల జాబితాలో, తల్లిదండ్రులతో క్రమంగా సమావేశాలు జరిపి, పిల్ల బడికి సరిగ్గా వస్తోందా, ఎంతవరకు నేర్చుకోగలుగుతోంది, ఎంత ముందుకు వచ్చింది అన్నవి తెలియజేయాలని ఉంది. అంటే మాస్టారు దయతలచి చెప్పేది కాదు, చెప్పడం ఆయన ధర్మం, వినడం మన హక్కు. 21వ సెక్షను ప్రకారం బడి యాజమాన్య సంఘంలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగంమంది స్త్రీలు కావాలి. 1823లో 60 మంది ఆడపిల్లలు తప్ప బడి మొహం చూడని సీమలో ఇవాళ తల్లులు బడి పెత్తనంలో కూర్చోవచ్చు. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నిటా ఒకే రోజున తల్లిదండ్రులనీ ఉపాధ్యాయులనీ కలిపి సమావేశాలు జరిపారు.

ఇంత జరుగుతున్నా చిక్కు తీరిందా అంటే, పూర్తిగా లేదు. 2005నుంచి 'అసర్' అనే సర్వే ఒకటి జరుగుతోంది. దాని విశేషమేమిటంటే, పిల్లల్ని బడిలో కాదు, ఇంటికి వెళ్ళి పరీక్షిస్తారు. ఒక్క కాగితం మీద చిన్న లెక్కలుంటాయి. వాటిలో అన్నిటికంటే పెద్దది మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం. 2024 నివేదికలో చూస్తే, దేశంలోని గ్రామాల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో ఆ భాగహారం చేయగలిగినవాళ్ళు సగానికంటే తక్కువ. ఆ పిల్లలందరికీ ప్రోగ్రెస్ కార్డులు వచ్చాయి, అందరూ పై తరగతికి వెళుతున్నారు. కాని భాగహారం రాదన్న సంగతి ఇంటి గుమ్మంలో, తల్లి చూస్తుండగా, ఎవరో వచ్చి కాగితం చేతికిస్తే గాని బయటపడలేదు. అంకె ఒక్కటీ ఇంటికి వస్తే, లెక్క ఇంటికి రాకపోతే జరిగే నష్టం ఇదీ.

ఇప్పుడు కబుర్లకి కొదవ లేదు. సెల్‌ఫోను టింగుమంటే బడినుంచి వాట్సాప్‌లో సందేశం. రేపు స్లిప్ టెస్టు, ఎల్లుండి ఫీజుకి ఆఖరు తేదీ, మొన్నటి పరీక్షలో ఇరవైకి పదకొండు. చదివితే అన్నీ తెలిసినట్టే ఉంటుంది. కాని పోయిన ఆ తొమ్మిది మార్కులు ఏ లెక్క దగ్గర పోయాయి? ఎక్కడా ఉండదు. వీథిబడి అరుగు మీదనుంచి తల్లికి వినిపించిన కబురు ఈ ఫోనులో వినిపించడం లేదు.

మరి మనం ఏం చేయాలి? ముందుగా అడిగే ప్రశ్న మార్చుకోవాలి. మాస్టారు కనిపించగానే "మావాడికి ఎన్ని మార్కులొచ్చాయండీ?" అని కాకుండా, "ఇప్పుడు ఏ పాఠం నడుస్తోందండీ? అందులో మావాడు ఎక్కడ ఆగిపోతున్నాడు?" అని అడగాలి. ఈ నెల పాఠంలోనుంచి ఒక్క లెక్క, చేసి చూపించినది, ఇంటికి పంపించమనాలి. యాభైమంది పిల్లల్ని చూసుకునే మాస్టారికి ఇంతకంటే చేయమనడం న్యాయం కాదు, ఇంతమాత్రం చేయడం కష్టమూ కాదు.

రెండోది, కొత్త పేరు చూసి జడుసుకోకూడదు. ఆరో తరగతి పిల్ల ఇంగ్లీషు మీడియంలో చదువుతూ "నెగటివ్ నంబర్స్" అని బిక్కమొహం పెడుతుంది. అదేమిటో తెలియదని తల్లీ బిక్కమొహం పెడుతుంది. తెలుగు మీడియం పుస్తకంలో వాటినే ఋణ సంఖ్యలంటారు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో వీటికి పెట్టిన పేర్లే ధనం, ఋణం. ఉన్న డబ్బు ధనం, తీర్చవలసిన అప్పు ఋణం. పచారీ కొట్టులో వంద రూపాయలు బాకీ ఉంది, చేతిలో అరవై ఉన్నాయి. ఇచ్చేస్తే మనం ఎక్కడున్నాం? ఇంకా నలభై అప్పులో. పిల్ల పుస్తకంలో దాన్నే మైనస్ నలభై అని రాస్తుంది. ఈ సంగతి తెలియని ఇల్లాలు మన వీథిలో ఉందా?

ఏడో తరగతిలో వడ్డీ లెక్కలు వస్తాయి. నూటికి రెండు రూపాయల వడ్డీ అని మన బజారులో అంటే నెలకని అర్థం. పుస్తకంలో వడ్డీ ఏడాదికి చెప్తారు. అంటే ఆ రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం. ఆ ఒక్క మెలిక తెలిస్తే, చీటీపాట కట్టే అమ్మ ఆ పాఠం మొత్తం మాస్టారికంటే బాగా చెప్పగలదు. ఒక గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ అన్నదే నిష్పత్తి. చుట్టాలు దిగితే ఒకటిన్నర గ్లాసు పప్పుకి రవ్వ ఎంత పోయాలో చూసుకోవడమే అనుపాతం. ఇక ఆ 'ఎక్స్' అనే పెద్దమనిషి సంగతి. సంచీలోంచి ఎంత తీశామో మరిచిపోయి, మిగిలిన డబ్బూ చేసిన ఖర్చూ చూసుకుని మొదట ఎంత ఉండేదో వెనక్కి కట్టుకుంటాం చూశారూ, ఆ మరిచిపోయిన మొత్తమే ఆయన.

చివరగా ఒక్కమాట. పిల్ల అర్థంకాక లెక్క పుస్తకం తెచ్చినప్పుడు "నాకు రాదు పో" అనకండి. ఆ మాట పిల్లకి వేరేగా వినిపిస్తుంది. లెక్క అనేది ఆడవాళ్ళకి రాని వస్తువని వినిపిస్తుంది. రాకపోతే "నాకు చెప్పు, చూద్దాం" అనండి. పిల్ల చెప్పడం మొదలుపెడుతుంది, సగంలో ఆగుతుంది. ఆగిన చోటు చూసుకోండి. మాస్టారితో చెప్పవలసింది అదే. అక్కడినుంచి ఆయన పని ఆయన చేసుకుంటారు.